బుట్ట వెల

సంతలో వారం వారం కనిపించే దృశ్యమే ఇది. అది హోసూరు సంత కావచ్చు, బళ్ళారి బజారు కావచ్చు, పర్లాకిమిడి వీధి కావచ్చు, సిరొంచ అంగడి కావచ్చు, యానాం రేవు కావచ్చు. ఒక పక్క ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉంటుంది. రంగురంగుల తొట్లు, బకెట్లు, బుట్టలు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవారు ధర అడుగుతారు. మహా అయితే ఒక్కసారి తగ్గించమంటారు. దుకాణదారు కాదంటే చెప్పినంతా ఇచ్చి వెళ్ళిపోతారు. మరో పక్క నేలమీద గోనెపట్టా పరచుకొని ఒక అమ్మ కూర్చొని ఉంటుంది. ఆమె ముందు వెదురు గంపలు, చేటలు, తట్టలు దొంతరలుగా ఉంటాయి. ఆమె ఒక ధర చెబుతుంది. కొనేవారు అందులో సగానికి అడుగుతారు. "అడవిలో ఊరికే పెరిగే వెదురే గదా! దీనికింతా?" అంటారు. పొద్దు వాలేదాకా ఆమె కాదంటుంది. పొద్దు వాలిన తరవాత, మిగిలిన గంపలను నెత్తిన పెట్టుకొని మళ్ళీ ఊరికి మోసుకుపోలేక, అడిగినంతకే ఇచ్చేస్తుంది.

"ఊరికే" అన్న ఆ ఒక్క మాట కొనేవారికి చాలా చిన్నది. అమ్మేవారికి మాత్రం అది ఆ వారం బియ్యం ఖర్చు. అందుచేత ఆ మాటలో ఎంత నిజం ఉందో విచారించడం అవసరం. వెదురు నిజంగా ఊరికే వస్తుందా? వచ్చినా, వెదురు తనంతట తాను బుట్ట అవుతుందా? బొంగుకూ బుట్టకూ మధ్య ఉన్న విద్య ఎంత? ఆ విద్యకు వెల ఎవరు కట్టాలి?

ముందుగా వెదురు సంగతి. వెదురును చాలామంది చెట్టు అనుకుంటారు. నిజానికి అది గడ్డి జాతి మొక్క. వరి, జొన్న, చెరకు దానికి దగ్గరి చుట్టాలు. వానాకాలంలో పొద మొదట లేచిన పిలక కొద్ది నెలల్లోనే పూర్తి ఎత్తుకు పెరుగుతుంది. ఆ తరవాత ఎత్తూ పెరగదు, లావూ పెరగదు. ఏడాదికేడాది గట్టిపడుతుంది, అంతే. మరీ లేత బొంగుతో అల్లిన బుట్ట ఎండేకొద్దీ ముడుచుకొని సందులు పడుతుంది. మరీ ముదిరిన బొంగు బద్ద వంచితే పెళుక్కున విరుగుతుంది. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత అల్లేవారికి నీతివాక్యం కాదు, రోజువారీ అనుభవం. పొదలో నిలబడి, వందల బొంగుల మధ్య పనికివచ్చే బొంగు ఏదో రంగు చూసి, తట్టి, చప్పుడు విని గుర్తుపట్టాలి.

నరికే కాలం కూడా తెలిసి ఉండాలి. బొంగులో పిండిపదార్థం ఎక్కువగా ఉన్న రోజుల్లో నరికితే త్వరలోనే పురుగు తొలుస్తుంది. అందుకే వానలు వెనకపట్టిన తరవాత, చలికాలంలో నరకడం మేలంటారు. బొంగులను నీళ్ళలో నానవేస్తే ఆ పదార్థం కొంత కరిగి పోతుంది. పొదను మొదలంటా నరకకూడదు. కొత్త పిలకలను వదిలి, ఎదిగిన వాటిని మాత్రమే తీయాలి. ఈ నియమం పాటించినంత కాలం పొద ఏటేటా ఇస్తూనే ఉంటుంది. అయినా ఒక గండం తప్పదు. ముళ్ళ వెదురు సుమారు 40, 50 ఏళ్ళకు ఒకసారి మూకుమ్మడిగా పూస్తుంది. పూసి, గింజ రాల్చి, పొదలు పొదలుగా ఎండిపోతుంది. కొత్త మొలకలు బొంగులుగా ఎదిగేదాకా ఆ అడవిని నమ్ముకొన్న బుట్టలవారికి కరువే. ఇన్ని తెలిసి, ఇన్ని మైళ్ళు నడిచి, మోసి తెచ్చుకొన్న బొంగును "ఊరికే వచ్చింది" అనడం న్యాయం కాదు.

ఇక పని సంగతి. బొంగును నిలువునా రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుస్తూ పోతారు. చూడడానికి సులువుగా కనిపిస్తుంది. కాని చీలిక ఎప్పుడూ తిన్నగా పోదు. పలచగా ఉన్న వైపుకు జారిపోతుంది. అలా జారుతున్నప్పుడు మందంగా ఉన్న సగాన్ని కొంచెం ఎక్కువగా వంచితే చీలిక మళ్ళీ నడిమికి వస్తుంది. ఈ వంపు ఎంత అన్నది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. అది చేతివేళ్ళకు తెలియాలి. తరవాత ప్రతి బద్దనూ కత్తితో పొరలు పొరలుగా విడదీస్తారు. పై పొర నునుపుగా, గట్టిగా ఉంటుంది. తడిని తొందరగా పీల్చదు. దాన్ని బరువు మోసే చోట, అంచు చుట్టే చోట వాడతారు. లోపలి పొర మెత్తన. దాన్ని నడుమ నింపడానికి వాడతారు. బద్ద అంచు కత్తిలాగే కోస్తుంది. ఏళ్ళ తరబడి ఈ పని చేసినవారి అరచేతులు చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

అల్లికలో ఒక లెక్క కూడా ఉంది. ఒకే అడ్డబద్దను చుట్టూ తిప్పుతూ గుండ్రని బుట్ట అల్లేటప్పుడు నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. అడ్డబద్ద ఒక నిలువు బద్ద మీదుగా, తరవాతి దాని కిందుగా పోతూ చుట్టు పూర్తి చేస్తుంది. నిలువు బద్దలు 21 ఉన్నాయనుకొంటే, మొదటి చుట్టులో మీదుగా పోయిన చోట రెండో చుట్టులో కిందుగా పోతుంది. అప్పుడే అల్లిక బిగుస్తుంది. నిలువు బద్దలు 20 ఉంటే మొదటి చుట్టులో మీదుగా పోయిన చోట రెండో చుట్టులోనూ మీదుగానే పోతుంది. ఎన్ని చుట్లు తిప్పినా పట్టు దొరకదు. సరి సంఖ్య వచ్చిందని తెలిస్తే అల్లేవారు ఒక నిలువు బద్దను రెండుగా చీల్చి లెక్క సరిచేస్తారు, లేదా రెండు అడ్డబద్దలను ఒకదాని వెనక ఒకటిగా నడుపుతారు. సరి, బేసి సంఖ్యలు నేర్చుకొన్న ఏ విద్యార్థి అయినా కాగితం మీద గీసుకొని ఈ సంగతి సరిచూసుకోవచ్చు. బలపం పట్టని చేతులు కూడా ఈ గణితాన్ని తరతరాలుగా తప్పులేకుండా చేస్తున్నాయి.

ఒక్కో పనికి ఒక్కో అల్లిక. కోళ్ళగంపను ఆరు మూలల కంతలు వచ్చేలా మూడు దిక్కుల బద్దలతో అల్లుతారు. అందువల్ల గంప తేలికగా ఉంటుంది, లోపలికి గాలి ఆడుతుంది, అయినా కుక్క కాలు వేస్తే నలగదు. చేటకు మూడు వైపుల గోడ, ఒక వైపు ఖాళీ. ధాన్యాన్ని చెరిగేటప్పుడు బరువైన గింజ వెనక్కు జారుతుంది, తేలికైన పొట్టు ముందుకు వచ్చి గాలికి పోతుంది. చేట సందుల్లోంచి నూక జారకుండా మెంతిపిండి, నానవేసిన కాగితపు గుజ్జు కలిపి పూస్తారు. అన్నం వార్చే సిబ్బిలో గంజి జారాలి, మెతుకు జారకూడదు. పూల సజ్జకు పూలు నలగని మెత్తదనం కావాలి. మట్టి మోసే తట్టకు తెగని అంచు కావాలి. ధాన్యం దాచే గాదెను మనిషి ఎత్తున అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తుతారు. చేపలు పట్టే బుట్టలో మూతి దగ్గర మొనదేరిన బద్దలను లోపలి వైపుకు వంచి అమరుస్తారు. నీటితోపాటు చేప లోపలికి పోతుంది, తిరిగి బయటికి రాలేదు. వీటిలో ఏ ఒక్కటీ అందం కోసం చేసిన ఆలోచన కాదు. అవసరం నుంచి పుట్టిన ఆలోచన. అందం దానంతట అదే వచ్చింది.

వెదురు దొరకని చోట అల్లిక ఆగిపోలేదు. ఈత ఉన్న చోట ఈతబద్దలతో, తాడి ఉన్న చోట తాటాకుతో, మెట్ట పొలాల్లో కందికట్టెతో, గట్ల మీద పెరిగే వావిలి బరిగెలతో జనం బుట్టలు అల్లుకొన్నారు. కట్టెలు అమ్ముకోగా మిగిలిన కంది పుల్ల కూడా ఒక ఇంటికి గంప అయింది. చుట్టూ దొరికేదాన్ని చూసి, దాని గుణం తెలుసుకొని, దానికి తగిన రూపం ఇవ్వడమే ఈ విద్యలోని అసలు రహస్యం.

ఈ వస్తువులతోపాటు మాటలూ పుట్టాయి. తెలుగు నేలకు దూరంగా, తరతరాల కిందట వేరే రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు ఇళ్ళలోనూ "గంపెడాశ పెట్టుకొన్నాడు" అంటారు. సంతోషిస్తే "మొహం చేటంత అయింది" అంటారు. లెక్క చూడకుండా మొత్తం కొంటే "గంపగుత్తగా కొన్నాడు" అంటారు. మాయమాటలు నమ్మితే "బుట్టలో పడ్డాడు" అంటారు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో వినపడుతున్నా, ఇంట్లో అమ్మమ్మ నోట ఈ పలుకుబళ్ళు ఇంకా బతికే ఉన్నాయి. కాని గంపను ఎన్నడూ ఎత్తని పిల్లవాడికి గంపెడాశ ఎంత ఆశో ఎలా తెలుస్తుంది? వస్తువు పోతే మాట కొంతకాలం నిలుస్తుంది. తరవాత అది బరువు లేని చప్పుడవుతుంది.

ఇంత విద్య ఉన్న వస్తువుకు ఇంత తక్కువ వెల ఎందుకు? దీనికి కారణం బజారులో కాక సమాజంలో వెతకాలి. బుట్టలు అల్లేవారిని తెలుగునాట మేదరులని, కర్ణాటకలో మేదరని, మహారాష్ట్రలో బురుడులని అంటారు. ఎరుకల, కొరచ, కొరవ అని ఒక్కో చోట ఒక్కో పేరున్నవారు ఊరూరా తిరుగుతూ బుట్టలు, చాపలు అల్లి అమ్మేవారు. పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఒక సీమ నుంచి మరో సీమకు చేరవేసేవారు. చేతిపనిని చిన్నచూపు చూసే సమాజం ఆ పని చేసే మనిషినీ చిన్నచూపు చూసింది. మనిషిని తక్కువ చేసినప్పుడు అతని శ్రమకు ఎక్కువ వెల ఎవరు కడతారు? ఆంగ్లేయుల ప్రభుత్వం ఇంకొక అడుగు ముందుకు వేసింది. 1871లో ఒక చట్టం చేసి, కొన్ని జాతులవారిని పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. 1911 తరవాత మద్రాసు రాజధానిలో కొరవ, ఎరుకల వారి మీద కూడా ఆ ముద్ర పడింది. ఊరూరా తిరిగి బుట్టలమ్మడమే అనుమానానికి కారణమైంది. స్వాతంత్ర్యం వచ్చిన తరవాత, 1952లో ఆ చట్టం రద్దయింది. కాని చట్టం పోయినంత తొందరగా చూపు మారదు.

ఈ చూపును ఎనిమిది వందల ఏళ్ళకు ముందే ప్రశ్నించినవారున్నారు. పన్నెండో శతాబ్దంలో కల్యాణ పట్టణంలో బసవేశ్వరుని చుట్టూ చేరిన శరణుల్లో మేదర కేతయ్య ఒకడు. వెదురు కొట్టి, బుట్టలు అల్లి, అమ్మి బతికినవాడు. ఆయన చెప్పిన వచనాలు కన్నడ సాహిత్యంలో నిలిచి ఉన్నాయి. పండితులు, మంత్రులు, చాకలివారు, చెప్పులు కుట్టేవారు ఒకే సభలో కూర్చొన్న ఆ కాలంలో బుట్టలల్లే చేయి తక్కువది కాలేదు. కర్ణాటకలో చదువుకొనే తెలుగు పిల్లలకు ఈ పేరు పరాయిది కాదు.

చూపు ఒక అడ్డంకి అయితే, వెదురు అందకపోవడం మరో అడ్డంకి. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్ల జాబితాలో చేర్చింది. అందువల్ల నరకాలన్నా, బండి మీద వేసుకొని తేవాలన్నా అనుమతి పత్రం కావలసి వచ్చింది. గడ్డి జాతి మొక్కను చట్టం చెట్టుగా మార్చింది. దానితో నిన్నటిదాకా తెచ్చుకొన్న బొంగే ఈనాడు దొంగసొత్తు అయింది. స్వాతంత్ర్యం తరవాత కాగితపు మిల్లులు వచ్చాయి. కర్ణాటకలో మిల్లులకు టన్ను వెదురును ఒకటిన్నర రూపాయికి ఇచ్చిన రోజులున్నాయని, అదే సమయంలో బుట్టలల్లేవారు బజారులో దానికి ఎన్నో వందల రెట్లు పెట్టి కొనవలసి వచ్చిందని జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ వివరించాడు. "ఊరికే పెరిగే వెదురు" నిజంగా ఎవరికి ఊరికే దొరికిందో ఈ లెక్క చెబుతుంది.

ఈ స్థితి మారడానికి చాలాకాలం పట్టింది. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, అడవిని నమ్ముకొన్న గ్రామాలకు దానిమీద హక్కు ఇచ్చింది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, తెలుగువారు ఎక్కువగా ఉండే సిరొంచ ఉన్న ఆ జిల్లాలోనే, మేండా లేఖా అనే గోండుల గ్రామం ఉంది. తమ అడవిలోని వెదురును తామే అమ్ముకొనే హక్కు కోసం ఆ గ్రామం పట్టుబట్టింది. 2011లో రవాణా అనుమతి పత్రాలు ఇచ్చే అధికారం ఆ గ్రామసభ చేతికి వచ్చింది. 2017లో 1927 నాటి చట్టాన్ని సవరించి, చెట్ల జాబితా నుంచి వెదురును తొలగించారు. దానితో అడవి కాని నేలలో పెంచిన వెదురును నరకడానికి ఆ చట్టం కింద అనుమతి అక్కరలేకపోయింది. వెదురు గడ్డి అని చట్టం ఒప్పుకోవడానికి 90 ఏళ్ళు పట్టింది.

ఈ మధ్యలో ప్లాస్టిక్ వచ్చింది. దాని మంచి కూడా చెప్పుకోవాలి. అది కడిగితే శుభ్రపడుతుంది. తడికి కుళ్ళదు. మామిడిపండ్లు, టమాటాలు దూరం పంపేటప్పుడు ప్లాస్టిక్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి, కింది పండు నలగదు. ఆ పని గంప చేయలేదు. కోలారు, చిక్కబళ్ళాపురం, హిందూపురం, హోసూరు ప్రాంతాల పట్టు రైతులకు చంద్రిక తెలియనిది కాదు. వెదురు తడక మీద వెదురు పట్టీని సుడి తిప్పినట్టు అమర్చి చేసే ఆ పళ్ళెంలోనే పండిన పట్టుపురుగులు గూళ్ళు కట్టేవి. మేదరులకు అది మంచి ఆదాయం. మడతపెట్టి దాచుకోదగిన, మందునీళ్ళలో ముంచి కడుక్కోదగిన ప్లాస్టిక్ అల్లికలు వచ్చిన తరవాత ఎందరో రైతులు వాటివైపు మొగ్గారు. పురుగుకు రోగం సోకకుండా చూసుకోవలసిన రైతును తప్పుపట్టడానికి లేదు.

కాని ప్లాస్టిక్ చౌక అనే మాటను మాత్రం పరీక్షించాలి. దాని ధర దుకాణంలో పూర్తి కాదు. పగిలిన ప్లాస్టిక్ బుట్టను కాలిస్తే విషపు పొగ, పారేస్తే కాలువకు అడ్డం. ముక్కలై మట్టిలో కలిసినట్టు కనిపించినా అది మట్టి కాదు. ఆ ఖర్చును కొన్నవారు చెల్లించరు. ఊరు చెల్లిస్తుంది, పశువులు చెల్లిస్తాయి, ఇంకా పుట్టని పిల్లలు చెల్లిస్తారు. వెదురు గంప పాతబడితే పొయ్యిలో కట్టె అవుతుంది, లేదా పెంటకుప్పలో ఎరువవుతుంది. దాని ఖర్చంతా కొన్న రోజే తీరిపోతుంది. ఒకదాని ధరలో సగం దాచి, మరొకదాని ధరలో సగం కోసి, పక్కపక్కన పెట్టి ఇది చౌక, అది ప్రియం అనడం సరైన తూకం కాదు. ఉల్లిపాయలు, దుంపలు, పూలు, తమలపాకులు వంటి గాలి తగలవలసిన వస్తువులకు నేటికీ గంపే మేలు. ఎక్కడ ప్లాస్టిక్ తగునో అక్కడ ప్లాస్టిక్, ఎక్కడ గంప తగునో అక్కడ గంప ఉండాలి.

ఈ వృత్తిని గురించి రెండు వాదాలు వినిపిస్తుంటాయి. "కాలం చెల్లిన పని, పోతే పోనీ" అన్నది ఒకటి. "తాతలనాటి పని, మేదరి పిల్లలు దాన్ని విడవకూడదు" అన్నది రెండోది. మొదటి వాదం అజ్ఞానం. రెండో వాదం అన్యాయం. బుట్టల గొప్పతనాన్ని పొగుడుతూ, వాటిని అల్లే ఇంటి పిల్లలు మాత్రమే చదువు మాని కత్తి పట్టాలని కోరేవారు ఆ విద్యను గౌరవించడం లేదు, ఆ కులాన్ని కట్టివేస్తున్నారు. మేదరి ఇంటి అమ్మాయి డాక్టరు కావాలనుకొంటే కావలసిందే. బుట్ట బతకడం కోసం ఆమె బతుకును పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.

అయితే విద్య ఎలా నిలుస్తుంది? కులాన్ని విడిచి, ఇష్టమున్న ప్రతి ఒక్కరి చేతికీ చేరినప్పుడే నిలుస్తుంది. ఇది జరగని పని కాదు. అస్సాంలో వెదురు బుట్టలు, చేపల బుట్టలు అల్లడం ఒక కులం పని కాదు. రైతు ఇళ్ళలో అందరికీ తెలిసిన పని. తమిళనాడులోని చెట్టినాడు ప్రాంతంలో సంపన్నుల ఇళ్ళ ఆడవారే శుభకార్యాల కోసం తాటాకుతో రంగుల కొట్టాన్లు అల్లేవారు. ఆ అలవాటు అంతరించబోయే దశలో చుట్టుపక్కల గ్రామాల స్త్రీలకు నేర్పి దాన్ని నిలబెట్టారు. ఈనాడు చెట్టినాడు కొట్టాన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దేశం దాటి చూస్తే, జపాన్‌లో 1967లో షోనో షోఉన్‌సాయి అనే వెదురు అల్లిక పనివాడిని ఆ ప్రభుత్వం సజీవ జాతీయ నిధిగా గౌరవించింది. వెదురు పనికి ఆ గౌరవం పొందినవారిలో ఆయనే మొదటివాడు. ఆయన పుట్టిన బెప్పు పట్టణంలో వెదురు పని నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఉంది. ఒక చోట నిధి అయిన పని మరో చోట నీచమైనదంటే, తేడా పనిలో లేదని, చూసే కంటిలో ఉందని తేలుతుంది.

ప్రభుత్వాలు కొంత చేస్తున్నాయి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకంలో చేర్చిన 18 వృత్తుల్లో బుట్టలు, చాపలు, చీపుర్లు చేసేవారి వృత్తి కూడా ఉంది. శిక్షణ, పనిముట్లకు సాయం, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. ఇది మంచిదే. కాని అప్పు వల్ల బుట్టల సంఖ్య పెరుగుతుంది, బుట్ట వెల పెరగదు. వెల పెరగని వృత్తిలో అప్పు భారమే అవుతుంది. అందుచేత వెదురు న్యాయమైన ధరకు దగ్గరలో దొరకాలి. పంచాయతీలు ఊరి బంజర్లలో, వాగుల గట్ల మీద వెదురు పెంచి అల్లేవారికి అందించాలి. గుడులు పూలకూ ప్రసాదానికీ, ఊళ్ళు పెళ్ళిళ్ళకూ ఈ బుట్టలు వాడితే గిరాకీ నిలుస్తుంది. బడుల్లో చేతిపనుల గంటకు ఊరిలోని బుట్టలమ్మను గురువుగా పిలిచి, కుర్చీ వేసి, గౌరవవేతనం ఇచ్చి నేర్పించుకోవాలి. పిల్లలందరూ బుట్టలల్లి బతకాలని కాదు. ఒక్క చిన్న బుట్ట అడుగు అల్లడానికి ప్రయత్నించి, రెండు వేళ్ళు కోసుకొని, సాయంత్రానికి అది వంకరగా వచ్చిన పిల్లవాడు పెద్దయిన తరవాత సంతలో సగం ధరకు అడగడు.

నిజానికి అన్నిటికన్నా పెద్ద మార్పు జరగవలసింది ఆ సంతలోనే. దానికి చట్టం అక్కరలేదు, పథకం అక్కరలేదు. గోనెపట్టా ముందు నిలబడిన మనిషి ఒక చిన్న లెక్క వేసుకొంటే చాలు. బొంగు కొన్న ఖర్చు, తెచ్చిన ఖర్చు, చీల్చి అల్లిన గంటలు, సంతకు వచ్చిన బస్సు చార్జీ కూడితే ఎంత? అదే గంటలు కూలికి పోయి ఉంటే ఆమెకు ఎంత వచ్చేది? ఈ లెక్క కట్టినవారికి ఆమె చెప్పిన ధర ఎక్కువగా కనిపించదు. తక్కువగానే కనిపిస్తుంది. బేరం ఆడడం తప్పు కాదు. తెలిసి ఆడాలి. పొద్దు వాలడం కోసం కాచుకొని ఆడకూడదు.

ఆమె తెచ్చిన గంపలన్నీ మధ్యాహ్నానికే న్యాయమైన ధరకు అమ్ముడుపోయిన రోజున, ఆమె కూతురు బడి మాని బద్దలు చీల్చవలసిన అవసరం ఉండదు. ఆ అమ్మాయి చదువుకొన్న తరవాత కూడా ఇష్టపడి అల్లితే, అది అవసరం కోసం కాక విద్య కోసం అల్లినట్టవుతుంది. అప్పుడు ఆ గంపకు ఆమే ధర చెబుతుంది, చెప్పిన ధర నిలుస్తుంది.